దివ్యభారతి: పందొమ్మిదేళ్ల లెక్క

బాబాయ్ విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల తరఫున రిప్రజెంటేటివ్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన అన్నగారి అమ్మాయి అదే ఊరి కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. ఇంట్లో ఆమెను అందరూ లాయరమ్మ అనే పిలుస్తారు. దివ్యభారతి పేరు వస్తే వీళ్లిద్దరికీ పడదు. ఒక ఆదివారం సాగిన వాదన ఇది.

బాబాయ్: మీ తరానికి దివ్యభారతి అంటే కిటికీలోంచి పడి చనిపోయిన హీరోయిన్. ఫోన్‌లో పేరు కొట్టగానే వచ్చేది అదే కదా! మాకు అలా కాదమ్మాయ్. మాకు ఆ పిల్ల అంటే 'బొబ్బిలి రాజా'. 1990 సెప్టెంబరులో విడుదలైంది. నేను బాక్సు వెంట ఊళ్లు తిరిగే రోజులవి. హాల్లో వెనక నిలబడి తెరకంటే జనాన్ని ఎక్కువ చూడటం మా ఉద్యోగం. వెంకటేష్ కనపడితే ఈలలు పడటంలో వింతేముంది? కొత్తగా వచ్చిన పిల్ల, తెలుగు ముక్క రాని పిల్ల, మూతి ముడిస్తే నేల టికెట్ వాళ్లు పడీ పడీ నవ్వటం మాత్రం వింతే. అలాంటి పిల్లను తీసుకెళ్లి పోలీసు ఫైల్లో పెట్టేశారు. నా బాధ అదీ.

లాయరమ్మ: ఆ బాధ నాకూ ఉంది బాబాయ్. ఎటొచ్చీ నీ కథ ఆ పిల్ల తెర మీదకు వచ్చిన రోజున మొదలవుతుంది. నేను కాస్త ముందు నుంచి మొదలుపెడతాను. ఆమె పుట్టింది 1974 ఫిబ్రవరి 25న, బొంబాయిలో. తండ్రి ఇన్సూరెన్సులో ఉద్యోగి. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. 'బొబ్బిలి రాజా' విడుదలయ్యేనాటికి వయసు పదహారున్నర. ఆ సినిమా హీరోకి అప్పుడు ఇరవైతొమ్మిది. నేల టికెట్ వాళ్ల సంగతి సరే, ఆఫీసుల్లో కూర్చున్న మీరెవరైనా ఆ అమ్మాయి వయసెంత అని అడిగారా?

బాబాయ్: ఎందుకడుగుతాం? కలెక్షను ఎంతని అడిగేవాళ్లం. అబద్ధం చెప్పను. అసలు ఆ రోజుల్లో పదహారేళ్ల హీరోయిన్ వింతేమీ కాదు. శ్రీదేవిని చూడు. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలు. 1979 వచ్చేసరికి 'వేటగాడు'లో ఆయన పక్కనే హీరోయిన్. ఆ మధ్యలో 'పదహారేళ్ల వయసు' చేసింది. అప్పటికి ఆవిడకు పదిహేను. జనం ఛీ అన్నారా? నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడా బతికింది, వెలిగింది, యాభై దాటాక కూడా హీరోయిన్‌గా సినిమా చేసి హిట్టు కొట్టింది. చిన్న వయసులో రావటమే నేరమైతే శ్రీదేవి ఎలా అయింది శ్రీదేవి?

లాయరమ్మ: నువ్వు చెప్పిన లెక్కే చూడు. 'వేటగాడు' విడుదలకి శ్రీదేవికి పదహారు నిండలేదు. ఎన్టీఆర్‌కి యాభై ఆరు. ఏడేళ్ల కిందట తాతా మనవరాళ్లుగా చూసిన జనం ఈసారి జంటగా చూశారు. జనం మెచ్చారు కాబట్టి తప్పు కాదంటే ఇక నా వృత్తికి పనే లేదు. పైగా, చిన్న వయసులో సినిమాల్లోకి రావటమే దివ్యభారతిని చంపిందని నేను అన్నానా? అనలేదు. పోలీసులే దాన్ని ప్రమాదమన్నారు. పదహారేళ్లకి ఆ పని ఎవరు ఇచ్చారు, ఏ షరతుల మీద ఇచ్చారు, అడిగే దిక్కు ఉందా అని అడుగుతున్నాను. ఆ ప్రశ్న ఆమె డెబ్బై ఏళ్లు బతికినా అడగాల్సిందే.

బాబాయ్: ఎవరిచ్చారంటే, తెలుగు వాళ్లిచ్చారు! బొంబాయి వాళ్లు పిలిచి పంపేశారు. 'రాధా కా సంగమ్' అనే సినిమాకి తీసుకుని, తర్వాత వద్దని జూహీ చావ్లాని పెట్టుకున్నారు. సొంత ఊళ్లో గుమ్మం మూసేస్తే ఇక్కడ తలుపు తీసింది సురేష్ ప్రొడక్షన్స్. దర్శకుడు బి.గోపాల్, సంగీతం ఇళయరాజా, ఎదురుగా అత్త పొగరంతా మూటగట్టిన మంత్రిగా వాణిశ్రీ. అంతమంది ఉద్దండుల మధ్య నిలబడి నెగ్గింది. ఏడాది తిరిగేసరికి మోహన్‌బాబుతో 'అసెంబ్లీ రౌడీ', చిరంజీవితో 'రౌడీ అల్లుడు'. అప్పుడు బొంబాయి మళ్లీ పిలిచింది. తలుపు తీసినవాణ్ణి పట్టుకుని దోషి అంటే ఎలా?

లాయరమ్మ: దోషి అనటం లేదు. వాళ్లలో ఏ ఒక్కరి మీదా నాకు ఫిర్యాదు లేదు. అదొక అలవాటు. అందరూ చేశారు, అందరూ చూశారు. కానీ ఆ ఏడాది లెక్క నువ్వే చెప్పావు కాబట్టి మిగతాది నేను చెప్తాను. 1991 జూన్‌లో 'అసెంబ్లీ రౌడీ'. ఆమెకు పదిహేడు, హీరోకి ముప్ఫై తొమ్మిది. అక్టోబరులో 'రౌడీ అల్లుడు'. ఆమెకు పదిహేడే, హీరోకి ముప్ఫై ఆరు. తెలుగులో ఆమె ఈడు కుర్రాడు హీరోగా దొరికిన సినిమా ఏదో తెలుసా? 'తొలిముద్దు'. ప్రశాంత్ ఆమెకన్నా ఏడాదే పెద్ద. ఆ సినిమాని పూర్తి చేయటానికి ఆమె లేదు.

బాబాయ్: ఔను. మిగిలిపోయిన భాగానికి రంభని పెట్టి లాక్కొచ్చారు. ఆ కిటుకు మాకు తెలుసు. దూరం నుంచి, వెనక నుంచి, పక్క నుంచి తీయటం. 1993లో ఆమె పోయాక విడుదలైంది. జనం హాల్లో కూర్చుని 'ఇది ఆమె, ఇది ఆమె కాదు' అని వేళ్లు చూపించుకోవటం నా చెవులతో విన్నాను. సినిమా మీద మనసు నిలవదు కదా ఇక.

లాయరమ్మ: హిందీలోనూ అంతే కదా!

బాబాయ్: అక్కడ ఇంకా ఎక్కువ. చేతిలో అన్ని సినిమాలు. 'లాడ్లా' చాలావరకు తీశారట. అదంతా పక్కన పెట్టి మళ్లీ శ్రీదేవితో తీశారు. ముఖం శ్రీదేవి పోలిక అని మొదటి నుంచీ అనేవాళ్లు. ఆ పోలిక చివరికి అలా పనికొచ్చింది. 'మొహ్రా' రవీనా టాండన్‌కి, 'విజయ్‌పథ్' టబుకి, 'కర్తవ్య' జూహీ చావ్లాకి వెళ్లాయి. చూశావా, మొదట్లో ఏ జూహీ కోసం ఆమెను తీసేశారో, ఆఖర్న ఆమె పాత్ర ఆ జూహీకే చేరింది. ఇలాంటివి చూసినప్పుడే మాలాంటి వాళ్లు విధి అంటారు.

లాయరమ్మ: విధి అనేస్తే ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. నాకు ఆ జాబితాలో కనపడేది వేరు. పందొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ఒకేసారి అన్ని సినిమాలు ఎందుకున్నాయి? 1992 ఒక్క ఏడాదిలో హిందీ, తెలుగు కలిపి పదికి పైగా విడుదలయ్యాయి. జనవరిలో 'విశ్వాత్మ'. అప్పటికీ పద్దెనిమిది నిండలేదు. తర్వాత 'శోలా ఔర్ శబ్నమ్'. జూన్‌లో 'దీవానా'. అందులో భర్త పోయి, మళ్లీ పెళ్లాడే స్త్రీ పాత్ర. పద్దెనిమిదేళ్ల పిల్ల వితంతువుగా ఏడవాలి, ముప్ఫై తొమ్మిదేళ్ల రిషి కపూర్‌కి భార్యగా కనపడాలి, కొత్తగా వచ్చిన షారుఖ్ ఖాన్ ప్రేమని కాదని మళ్లీ ఔననాలి. ఉదయం ఒక షిఫ్టు, సాయంత్రం ఇంకో షిఫ్టు. ఈ పరుగులో ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు నాకు కనపడలేదు.

బాబాయ్: నీకు కనపడదు. ఎందుకంటే నువ్వు కాగితాలు చూస్తున్నావు, తెర చూడటం లేదు. ఆ 'దీవానా'కే ఫిల్మ్‌ఫేర్ వాళ్లు కొత్త ముఖం అవార్డు ఇచ్చారు. పద్దెనిమిదేళ్ల పిల్ల వితంతువు దుఃఖం చూపించగలిగింది కాబట్టే ఇచ్చారు. నీ మాటల్లో ఆమె ఎక్కడా పనిమంతురాలు కాదు. ఎవరో తోస్తే వెళ్లిన పిల్ల, ఎవరో ఆడిస్తే ఆడిన పిల్ల. ఇది నాకు నచ్చదు. చావు ఆమెను ఒకసారి తీసుకుపోయింది. జాలి పేరుతో నువ్వు రెండోసారి తీసుకుపోతున్నావు.

లాయరమ్మ: అంత మాట అనకు బాబాయ్.

బాబాయ్: అంటాను. 'బొబ్బిలి రాజా' మళ్లీ పెట్టుకుని చూడు. అడవికి విహారానికి వచ్చి తప్పిపోయిన బడాయి పిల్ల పాత్ర. భాష రాదు. పక్క నుంచి ఎవరో మాట అందిస్తే దాన్ని పెదవుల మీదకు తెచ్చుకోవాలి. గొంతు వేరేవాళ్లది. అంటే నవ్వించటానికి ఆమె చేతిలో మిగిలింది ముఖం, నడక, ఆ ఒక్క క్షణం ముందో వెనకో తిరిగే చూపు. వాటితోనే లాగేసింది. కోపం సగంలో ఉండగానే అల్లరిలోకి జారిపోతుంది చూడు, ఆ జారుడు దర్శకుడు నేర్పితే రాదు. వేల షోలు చూసినవాణ్ణి చెప్తున్నాను. అందగత్తెలు చాలామంది వచ్చారు. జనాన్ని నవ్వించిన అందగత్తెలు వేళ్ల మీద లెక్క.

లాయరమ్మ: ఈ మాట ఒప్పుకుంటాను. ఆమె పని గురించి నేను తక్కువ మాట్లాడాను. ఆమెను ఎవరో బలవంతంగా లాక్కొచ్చారని చెప్పటానికి నా దగ్గర ఆధారమూ లేదు. చదువు మీద మనసు లేదని, సినిమా మీద ఉందని ఆమే చెప్పి ఉండవచ్చు. పదిహేనేళ్ల పిల్లలు చాలామంది అదే చెప్తారు. చట్టం అందుకే పుట్టింది కదా. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ప్రివీ కౌన్సిల్ 1903లోనే తేల్చి చెప్పింది. పద్దెనిమిది నిండేదాకా ఆమె పొలం అమ్మలేదు, ఓటు వేయలేదు, పెళ్లి చేసుకోలేదు. కానీ లక్షల మంది ముందు కథానాయికగా నిలబడవచ్చు. ఆ ఒక్క పనికి మాత్రం వయసు వచ్చేసిందన్నమాట.

బాబాయ్: ఒప్పందాలు పెద్దవాళ్లు చూసుకునేవారు. అమ్మానాన్నలు ఉన్నారు కదా!

లాయరమ్మ: చూసుకోవటం వేరు, అడ్డుపడటం వేరు. ఇప్పటి సంగతి చెప్పనా? 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. 2017లో నిబంధనలు వచ్చాయి. బాల నటుల చేత రోజుకి అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. మూడు గంటలకు మించి విరామం లేకుండా నిలబెట్టకూడదు. సంపాదనలో కనీసం ఇరవై శాతం ఆ పిల్ల పేరు మీదే జాతీయ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. మంచి నియమాలే. కానీ అవి పద్నాలుగు లోపు పిల్లలకి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఆ చట్టం ఆపేది గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర పరిశ్రమలను. పదహారేళ్ల హీరోయిన్ ఆ చట్టానికి ఇప్పటికీ కనపడదు. హీరో చెల్లెలిగా వేసిన పదేళ్ల పాపకి ఉన్న అయిదు గంటల కట్టుబాటు, హీరో పక్కన పాడే పదహారేళ్ల పిల్లకి లేదు.

బాబాయ్: ఇది నాకు తెలియదు సుమా.

లాయరమ్మ: అది 1990తో పోయిన అలవాటు కూడా కాదు. పదకొండేళ్ల తర్వాత, 2001 సెప్టెంబరులో 'నువ్వు నాకు నచ్చావ్' వచ్చింది. ఆర్తీ అగర్వాల్‌కి అప్పుడు పదిహేడున్నర. పక్కన మళ్లీ వెంకటేషే, ఈసారి నలభై. ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తే మన ఇంట్లో రిమోట్ ఎవరూ ముట్టుకోరు. ఆ అమ్మాయి 2015 జూన్‌లో, ముప్ఫై ఒక్క ఏళ్ల వయసులో, అమెరికాలో చనిపోయింది. అంతకుముందు కొన్ని వారాల కిందట కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుంది. లావైందని ఆమెను ఎంతమంది ఎన్నన్నారో నీకూ గుర్తుండే ఉంటుంది.

బాబాయ్: గుర్తుంది. నేనూ ఆ ఆఫీసుల్లోనే కూర్చున్నాను కదా. పోస్టరు చూసి 'అమ్మాయి మారిపోయింది, బి, సి సెంటర్లలో కష్టం' అనేవాళ్లం. పదిహేడేళ్లప్పటి ఒళ్లు ఇరవై అయిదులో ఉండదని అనుకోలేదు. సరే, ఆ వైపు నువ్వు చెప్పింది ఉంచు. కానీ ఒక్క సంగతిలో మాత్రం నీ తరాన్ని క్షమించను. ఆ చావు చుట్టూ అల్లిన కథలు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆగవేం?

లాయరమ్మ: ఆ కథలు మా తరం అల్లినవి కావు బాబాయ్, మీ తరం పత్రికలు అల్లినవి. మా తరం వాటికి సంగీతం కలిపి వీడియోలు చేసింది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. 1993 ఏప్రిల్ 5 రాత్రి, అంధేరీ వెర్సోవాలో తులసి అనే భవనంలో అయిదో అంతస్తు ఫ్లాటు. ఇంట్లో మనుషులున్నారు, అతిథులున్నారు. ఊచలు లేని కిటికీ. అక్కడి నుంచి పడిపోయింది. కూపర్ ఆస్పత్రికి తీసుకెళ్లారు. తలకి దెబ్బలు, లోపల రక్తస్రావం. ఏప్రిల్ 7న విలేపార్లేలో అంత్యక్రియలు. పోలీసులు చాలాకాలం చూసి 1998లో ప్రమాదమని ఫైలు మూశారు. అంతే.

బాబాయ్: అంతేనని నువ్వంటావు. జనానికి అంతే అనిపించలేదు. ఎందుకో ఆలోచించావా? పెళ్లి రహస్యంగా ఉంచారు. 1992 మేలో నిర్మాత సాజిద్ నాడియాడ్‌వాలాని చేసుకుంది. పెళ్లయిన హీరోయిన్‌కి మార్కెట్ ఉండదని అప్పట్లో ఒక భయం. ఒక రహస్యం బయటపడితే జనం ఇంకా పది ఉన్నాయనుకుంటారు. దానికి తోడు ఆ బొంబాయి ఏ బొంబాయి? డిసెంబరు, జనవరి నెలల్లో అల్లర్లు. మార్చి 12న వరస పేలుళ్లు. ఆ తర్వాత నెల తిరగకుండానే ఈ పిల్ల పోయింది. ఆ ఏప్రిల్‌లోనే సంజయ్ దత్‌ని అరెస్టు చేశారు. ఆమె బతికుండగా విడుదలైన ఆఖరి సినిమా 'క్షత్రియ'లో అతనూ ఉన్నాడు. అప్పుడు బొంబాయిలో తలుపు చప్పుడైనా మాఫియానే అనుకునే రోజులు. ఊరంతా భయంలో ఉన్నప్పుడు కిటికీకి ఊచలు లేకపోవటం అనే చిన్న కారణం ఎవరి మనసుకి ఎక్కుతుంది?

లాయరమ్మ: అబ్బ, ఇది బాగా చెప్పావు. పుకారు ఎందుకు పుట్టిందో నీ మాటతో నాకు అర్థమైంది. కానీ పుట్టటానికి కారణం ఉన్నంత మాత్రాన పెంచటానికి హక్కు రాదు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఉన్నవాళ్లలో బతికున్న మనుషులున్నారు. కన్నవాళ్లు ఉండేవారు. ఆధారం లేకుండా ఒకరి పేరు ఎత్తి హంతకుడు అనటం వినోదం ఎలా అవుతుంది? పైగా, చిక్కు చూడు. చావు రహస్యమైతే ఇక వెతకాల్సింది ఒక దుర్మార్గుణ్ణి. వాడు దొరకడు. దొరకడు కాబట్టి కథ అయిపోదు. ఈలోగా అందరికీ తెలిసిన సంగతుల జోలికి ఎవరూ పోరు. వయసు, షిఫ్టులు, చదువు, పెళ్లి దాచాల్సి రావటం, ఎత్తయిన ఇళ్లలో కిటికీలు. వీటిలో ఏదీ రహస్యం కాదు. అందుకే వీటి మీద వీడియో రాదు.

బాబాయ్: పెళ్లి దాచాల్సి రావటం అన్నావే, అది నిజంగా బాధ. ఇరవై దాకా సినిమాలు చేసిన పిల్ల, తన పెళ్లి సంగతి తను చెప్పుకోలేకపోయింది. హీరోలకి ఆ బాధ లేదు. మా రోజుల్లో హీరో పెళ్లయితే ఫ్యాన్స్ కల్యాణ మండపాలు అలంకరించేవాళ్లు.

లాయరమ్మ: నేనెంత మొత్తుకున్నా ఒప్పుకోనివాడివి, ఇప్పుడు నా వాదనకి సాక్ష్యం నువ్వే ఇస్తున్నావు.

బాబాయ్: సాక్ష్యం ఇస్తాను, తీర్పు మాత్రం నీకివ్వను. ఇప్పుడు నా అసలు ప్రశ్న విను. దీనికి నీ చట్టం పుస్తకాల్లో జవాబు ఉండదు. నువ్వనుకున్న రూలే ఆ రోజుల్లో ఉందనుకో. పద్దెనిమిది నిండేదాకా ఏ ఆడపిల్లా హీరోయిన్‌గా వేయకూడదు. ఆమెకు పద్దెనిమిది నిండింది 1992 ఫిబ్రవరి 25న. పోయింది 1993 ఏప్రిల్ 5న. మధ్యలో పదమూడు నెలలు. అంతే. 'బొబ్బిలి రాజా' లేదు. 'అసెంబ్లీ రౌడీ' లేదు. 'రౌడీ అల్లుడు' లేదు. 'విశ్వాత్మ' లేదు. తెలుగులో ఆమె పేరు చెప్పుకునేందుకు ఏమీ మిగలదు. ఇక్కడ గెలిచిందని చూసే హిందీ వాళ్లు పిలిచారు కాబట్టి అక్కడా మిగలదు. అంటే నీ రూలు ఆ పిల్లకి ఏమిచ్చింది? తొమ్మిదో తరగతి నుంచి మరో మూడేళ్లు, ఇష్టంలేని చదువు. తర్వాత అదే కిటికీ. ఇప్పుడు ఆమె చేసిన పనిలో చాలానే పద్దెనిమిది లోపు చేసింది. అది లాగేస్తే ఎవరు బాగుపడ్డారు చెప్పు?

లాయరమ్మ: నిజంగా గట్టి ప్రశ్నే వేశావు బాబాయ్. ఒక్క నిమిషం ఆగు.

బాబాయ్: ఆగుతాను. నాకు తొందరేముంది?

లాయరమ్మ: నువ్వు వెనక నుంచి లెక్కపెడుతున్నావు. ఏప్రిల్ 5 అనే తేదీ నీకు ముందే తెలుసు. ఆ తేదీ చేతిలో పెట్టుకుని వెనక్కి నడిస్తే, ప్రతి తొందరా తెలివిగా కనపడుతుంది. త్వరగా రావటం మంచిదైంది, పది సినిమాలు ఒకేసారి ఒప్పుకోవటం మంచిదైంది, చదువు మానటం మంచిదైంది. ఎందుకంటే టైము లేదు కదా! కానీ 1990లో ఆమెకి గానీ, అమ్మానాన్నలకి గానీ, నిర్మాతలకి గానీ ఆ తేదీ తెలుసా? వాళ్లందరూ ఆమె నిండు నూరేళ్లు బతుకుతుందనుకునే ఒప్పందాలు చేశారు. అలా అనుకుని కూడా తొందరపడ్డారు. ఆమె చనిపోయింది కాబట్టి ఆ తొందరకి ఇప్పుడు ఒక అందం వచ్చింది.

బాబాయ్: మరి బతికుంటే?

లాయరమ్మ: బతికుంటే ఇరవై అయిదేళ్లకి ఆమెకు వదిన పాత్ర ఇచ్చేవాళ్లేమో. లావైందని, మారిపోయిందని గాంధీనగర్ ఆఫీసుల్లో అనుకునేవాళ్లేమో. లేదా శ్రీదేవిలా నిలబడేదేమో. మనకి తెలియదు. రూలు అనేది అలా తెలియని మనిషి కోసం రాసేది. డెబ్బై ఏళ్లు బతికే పిల్ల కోసం రాస్తాం, ఎందుకంటే ప్రతి పిల్లా డెబ్బై ఏళ్లు బతకాలని కోరుకుంటాం. పందొమ్మిదికే పోయే పిల్లకి ఏది మంచిదో అని రూలు రాస్తే, అది చావు ఖాయమని ఒప్పుకుని రాసినట్టు. నేను ఒప్పుకోను.

బాబాయ్: బాగుంది. వాదన బాగుంది. కానీ నా సినిమాలు పోయాయి.

లాయరమ్మ: పోవు. రూలు వెనక్కి వెళ్లి దేన్నీ చెరపదు. ఉన్నవి ఉంటాయి. నేనడిగేది ముందుకి. పద్నాలుగు, పద్దెనిమిది మధ్య పిల్లలకీ ఆ అయిదు గంటల నియమం, ఆ డిపాజిట్ నియమం రావాలి. జంట పాత్రలకి పద్దెనిమిది నిండిన కాగితం చూడాలి. చూపించమని అడగాల్సింది ఆ పిల్లను కాదు, నిర్మాతను. రెండేళ్లు ఆగితే పరిశ్రమ కూలిపోదు. ఆగినందుకు ఏ ఒక్క పిల్లా చెడిపోదు.

బాబాయ్: కాగితాల్లో వయసు పెంచటం మనవాళ్లకి చేతకాని విద్యా?

లాయరమ్మ: చేతనవునులే. వరకట్నం తీసుకోవటమూ చేతనవును. చట్టం వద్దంటామా?

బాబాయ్: సరే, అది ఉంచు. ఒకటి చెప్పు. రేపు టీవీలో 'బొబ్బిలి రాజా' వేస్తారు. నేను చూస్తాను. ముప్ఫై ఏళ్లకి పైగా చూస్తున్నాను. నీ మాటలన్నీ విన్నాక, ఆ పిల్ల తెర మీదకి రాగానే నాకు పదహారున్నర అనే అంకె కనపడుతుంది. నవ్వు రాదేమో అని భయంగా ఉంది. నాకు మిగిలిన మంచి జ్ఞాపకం ఒకటి నువ్వు పాడుచేశావు.

లాయరమ్మ: వస్తుంది బాబాయ్. నవ్వు తెప్పించటం ఆమె చేసిన పని అని నువ్వేగా చెప్పావు. వయసు తెలిసినంత మాత్రాన ఆ పని చెడిపోదు. పాటలు వచ్చినప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఉండనీ. అంత ఇబ్బంది మనం పడాలి.

బాబాయ్: నేను మాత్రం పాటలు కూడా చూస్తాను.

లాయరమ్మ: చూడు. నీ పక్కనే కూర్చుంటాను. తెరమీద ఆమె మూతి ముడిచినప్పుడు నువ్వు నవ్వు, నేనూ నవ్వుతాను. సినిమా అయ్యాక ఎవరైనా ఆ కిటికీ సంగతి ఎత్తితే, ఇద్దరం కలిసి నోరు మూయిద్దాం. ఈ ఒక్క విషయంలో మనకి గొడవ లేదు కదా?

బాబాయ్: లేదు. మిగతా అన్నిట్లో ఉంది. మళ్లీ ఆదివారం రా, 'దీవానా'లో ఆమెకు అవార్డు ఎందుకిచ్చారో చూపిస్తాను.